ఓవర్‌క్లాకింగ్ బోర్డు కొందామంటున్న అన్నలకి ఒక మాట

పోస్టు కొంచెం పొడుగుంటాది, ఏమీ అనుకోకండి. మన గది కంప్యూటర్‌కి డబ్బులు వేసిన పదకొండు మందీ మాత్రం చివరిదాకా చదవండి. ఆదివారం తేల్చాల్సింది మనమే కదా.

మొన్న సీనియర్ అన్న గ్రూపులో ఒక లిస్టు పెట్టారు. ఇంటెల్ కె ప్రాసెసర్, దానికి జెడ్ సిరీస్ మదర్‌బోర్డు, పైన వాటర్ కూలర్. ఈ మూడింటికే మన 42 వేలల్లో 36 వేలు అయిపోతాయి. మిగిలిన ఆరు వేలతో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్ ఎలాగోలా సర్దేద్దాం, యూపీఎస్ సంగతి తర్వాత చూద్దాం అన్నారు. కింద అందరూ లైకులు కొట్టారు. నేను కొట్టలేదు. ఎందుకు కొట్టలేదో చెప్తాను.

ముందే ఒక మాట. అన్నంటే నాకు గౌరవం తగ్గలేదు. నాకు మౌసు పట్టుకోవడం నేర్పింది ఆయనే. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాడిని నేను, కంప్యూటర్ గురించి ఇంట్లో అడగడానికి ఎవరూ లేరు. ఆ లిస్టు వెనకాల ఏముందో కూడా నాకు తెలుసు. వైజాగ్‌లో ఒక షాపుకి మేమిద్దరం రేట్లు కనుక్కోవడానికి వెళ్తే, కౌంటర్ దగ్గర మనిషి "ఏజెన్సీలో ఓవర్‌క్లాకింగ్ ఏటి బాబూ, టైపింగ్‌కి ఏదైనా సరిపోద్ది" అని నవ్వాడు. బస్సెక్కి పాడేరు వచ్చేదాకా అన్న ఒక్క మాట మాట్లాడలేదు. మర్నాడే ఆ లిస్టు వచ్చింది. నాకూ కోపం వచ్చింది. కానీ ఆ షాపులో మనిషికి జవాబు చెప్పడానికి ఖర్చుపెట్టే డబ్బు కాదిది. ఇందులో కాఫీ పళ్లు ఏరిన కూలి ఉంది, మిరియాలు అమ్మిన డబ్బు ఉంది, స్కాలర్‌షిప్‌లో మిగిల్చింది ఉంది, నేను సెలవుల్లో సెంట్రింగ్ పనికి వెళ్లి తెచ్చింది ఉంది.

జూనియర్ల కోసం రెండు ముక్కలు. ప్రాసెసర్‌ని కంపెనీ చెప్పిన స్పీడు కంటే ఎక్కువ స్పీడు మీద నడపడమే ఓవర్‌క్లాకింగ్. స్పీడు పెంచితే చిప్‌కి వోల్టేజీ ఎక్కువ కావాలి, వోల్టేజీ పెరిగితే వేడి పెరుగుద్ది. ఆ వోల్టేజీని తయారు చేసి అందించేది మదర్‌బోర్డు. అందుకే ఓవర్‌క్లాకింగ్ అనగానే బోర్డు మాట వస్తుంది.

అన్న వాదన ఏంటంటే, ఓవర్‌క్లాకింగ్ పేదోడి విద్య, తక్కువ ధర చిప్ కొని ఎక్కువ ధర చిప్ పని చేయించుకోవడం. ఒకప్పుడు అది నూటికి నూరుపాళ్లు నిజం. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ అనే చవక చిప్ వచ్చింది. దాని బస్ స్పీడు 66 మెగాహెర్ట్జ్. దాన్ని 100కి మారిస్తే 300 మెగాహెర్ట్జ్ చిప్ 450 మీద పరిగెత్తేది. అబిట్ అనే కంపెనీ బిహెచ్6 బోర్డులో జంపర్లు పీకి పెట్టే పని లేకుండా బయోస్‌లోనే స్పీడు, వోల్టేజీ మార్చుకోవచ్చు. అందుకని ఆ జత ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. 50 శాతం స్పీడు ఊరికే వచ్చినట్టు! ఆ రోజుల్లో నేనుంటే నేనూ అదే కొనేవాడిని.

ఇప్పుడు ఆ ఊరికే వచ్చేది లేదు. ఈనాటి ప్రాసెసర్ తన వేడీ, తనకి అందే కరెంటూ చూసుకుని తనంతట తానే బూస్ట్ అవుతుంది. చిప్‌లో మిగిలిన సత్తువని కంపెనీయే పిండేసి, ఆ నంబరు అట్టపెట్టె మీద అచ్చేసి అమ్ముతోంది. మన చేతికి మిగిలేది పిప్పి. పైగా ఇంటెల్‌లో ఓవర్‌క్లాక్ చేయాలంటే కె అక్షరం ఉన్న చిప్, జెడ్ బోర్డు రెండూ ఎక్కువ రేటు పెట్టి కొనాలి. ఆ ఎక్కువ పెట్టే డబ్బుతో మామూలుగానే ఒక మెట్టు పై చిప్ వచ్చేస్తుంది. పేదోడి విద్యని డబ్బున్నోడి ముచ్చటగా మార్చేశారు.

లెక్క కూడా చూడండి. చిప్ లాగే పవరు స్పీడుతో పాటు పెరుగుతుంది, వోల్టేజీకి మాత్రం వర్గంలో పెరుగుతుంది. 4.0 గిగాహెర్ట్జ్ మీద 1.20 వోల్టులతో నడిచే చిప్‌ని 4.4 చేయడానికి 1.35 వోల్టులు కావాల్సి వచ్చిందనుకుందాం. స్పీడు 1.1 రెట్లు. వోల్టేజీ వర్గం దాదాపు 1.27 రెట్లు. రెండూ గుణిస్తే 1.39. అంటే 10 శాతం స్పీడు కోసం 39 శాతం ఎక్కువ పవరు, అంత ఎక్కువ వేడి. ఒక బస్తా పసుపు ఎక్కువ మోయడానికి నలుగురు మనుషుల్ని ఎక్కువ పెట్టుకున్నట్టు.

ఇదే లెక్కని తిరగేయండి. స్పీడు అదే ఉంచి 1.20ని 1.10కి దించితే పవరు 16 శాతం తగ్గుద్ది. దీన్నే అండర్‌వోల్టింగ్ అంటారు. ప్రతి చిప్ దీనికి ఒప్పుకోదు, కొద్దికొద్దిగా దించుతూ పరీక్షించుకోవాలి. కానీ వేడి తగ్గితే ఇప్పటి చిప్ బూస్ట్‌లో ఎక్కువసేపు నిలబడుతుంది కాబట్టి, గంటల తరబడి సాగే వీడియో రెండరింగ్‌లో స్పీడు కూడా కొంత కలిసొస్తుంది. మనకి కావాల్సిన ఓవర్‌క్లాకింగ్ ఇది అని నా అభిప్రాయం. దీనికి జెడ్ బోర్డు అక్కర్లేదు. మంచి బోర్డు మాత్రం కావాలి.

మంచి బోర్డు అంటే ఏటి? మీద ఉన్న రంగు లైట్లు కాదు. ప్రాసెసర్ సాకెట్‌కి ఎడమ పక్కన, పైన నల్లటి చదరపు దిమ్మలు వరసగా ఉంటాయి. అవి చోకులు. వాటి పక్కన మాస్‌ఫెట్లు, కెపాసిటర్లు. ఇదంతా కలిపి వి.ఆర్.ఎం. ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే 12 వోల్టులని చిప్‌కి కావాల్సిన ఒకటింపావు వోల్టుకి దించేది ఇదే. 65 వాట్లు అని రాసిన ఏఎం4 చిప్, ఉదాహరణకి రైజెన్ 5 5600జి, పూర్తి పని మీద ఉన్నప్పుడు 88 వాట్ల దాకా లాగుతుంది. ఒకటింపావు వోల్టు దగ్గర అది దాదాపు 70 ఆంపియర్లు. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె 230 వోల్టుల మీద నాలుగున్నర ఆంపియర్లు కూడా లాగదు. అరచేతి కంటే చిన్న జాగాలో 70 ఆంపియర్లు నడుస్తున్నాయంటే అక్కడ వేడి ఎంతుంటాదో ఊహించండి.

మనకి తెలిసిన పనితో చెప్తాను. గెడ్డ నీటిని మడుల్లోకి మళ్లించేటప్పుడు మొత్తం నీళ్లు ఒకే కాలవలో తోస్తే గట్టు కోసుకుపోద్ది. నాలుగు కాలవలు తీస్తే గట్టు నిలబడుద్ది. వి.ఆర్.ఎం.లో ఫేజులంటే ఆ కాలవలే. 70 ఆంపియర్లని నాలుగు ఫేజులు మోస్తే ఒక్కోదానికి 17.5, ఎనిమిది మోస్తే 9 లోపే. తీగలో నష్టం కరెంటు వర్గం మీద ఆధారపడుద్ది కాబట్టి, ఫేజులు రెట్టింపైతే ఆ రకం వేడి మొత్తం మీద సగమైపోద్ది. ఇక్కడే మోసం కూడా ఉంది. కొన్ని బోర్డుల్లో చోకులు ఎనిమిది కనిపిస్తాయి, లోపల కంట్రోలర్ నడిపేవి నాలుగే, రెండేసి జత కట్టేసి ఉంటాయి. అది మరీ చెడ్డదేం కాదు గానీ, పెట్టె మీద నంబరు చూసి మురిసిపోకూడదు. ఆ మోడల్ పేరుతో వి.ఆర్.ఎం. ఉష్ణోగ్రత కొలిచిన వీడియో ఒకటి చూసి కొనాలి. గంటసేపు పూర్తి లోడు మీద ఎన్ని డిగ్రీలు చూపించింది అన్నదే అసలు మార్కుల షీటు.

మాస్‌ఫెట్ల మీద హీట్‌సింక్ ఉండాలి. చవక బోర్డుల్లో ఉండదు, లేదా ఒక వైపే ఉంటాది. కొన్నిటి మీద ఉండేది ప్లాస్టిక్ తొడుగు, చూడ్డానికి మాత్రం గంభీరంగా ఉంటాది. పట్టుకుంటే బరువుండాలి, గాలి దూరే గాళ్లు ఉండాలి.

ఇప్పుడు వాటర్ కూలర్ సంగతి. ప్రాసెసర్‌తో పాటు పెట్టెలో వచ్చే మామూలు ఫ్యాన్ గాలిని కిందకి ఊదుద్ది. ఆ గాలి చిప్‌ని చల్లబరిచి పక్కకి పారి వి.ఆర్.ఎం.ని కూడా తాకుతుంది. వాటర్ కూలర్ పెడితే చిప్ చల్లగా ఉంటాది, వి.ఆర్.ఎం. దగ్గర గాలే ఆడదు. క్యాబినెట్ ఫ్యాన్లు సరిగ్గా లేకపోతే చిప్ 60 డిగ్రీలు చూపిస్తుంటే పక్కన మాస్‌ఫెట్లు మాడుతుంటాయి. పైగా దాని పంపు పాడైతే మన ఊళ్లో ఎవరు బాగుచేస్తారు? ఫ్యాన్ పాడైతే సంతలో దొరికే ఏ ఫ్యాన్‌నైనా కట్టి ఒక వారం నెట్టుకురాగలం.

"మనది చలి ప్రాంతం, పక్కనే లంబసింగి, ఏసీ అక్కర్లేని ఓవర్‌క్లాకింగ్" అని ఒక తమ్ముడు కామెంట్ పెట్టాడు. బాగుంది, నవ్వుకున్నాను కూడా. కానీ ఇదే అన్నిటికన్నా ప్రమాదమైన ఆలోచన. మన రేకుల గదిలో నేను థర్మామీటరు పెట్టి చూశాను. జనవరి తెల్లవారుజామున 12 డిగ్రీలు, ఏప్రిల్ మధ్యాహ్నం 36. అంటే 24 డిగ్రీల తేడా. అదే కూలర్, అదే లోడు అయితే గది ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్ కూడా దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుద్ది. జనవరిలో 70 దగ్గర నిలబడిన సెట్టింగ్ ఏప్రిల్లో 94కి పోద్ది. చలిలో "స్టేబుల్" అని సంబరపడిన మెషీన్ ఇటుకల పండగ వీడియో ఎడిట్ చేసే రోజుల్లో నీలం తెర చూపిస్తుంది. మనకి దానితో ఎక్కువ పని ఉండేది కూడా అప్పుడే కదా, సెలవులకి అందరం ఇళ్లకి వచ్చినప్పుడు.

ఇంకో చిన్న సంగతి. పాడేరు ఎత్తు సుమారు 900 మీటర్లు. ఈ ఎత్తులో గాలి సముద్రమట్టం దగ్గర కంటే సుమారు 8 శాతం పల్చగా ఉంటాది, అంటే అదే ఫ్యాన్ కొంచెం తక్కువ వేడిని మోస్తుంది. పెద్ద తేడా కాదు, కానీ కొండ మీద ఉన్నాం కాబట్టి అన్నీ లాభమే అనుకోకూడదు. పొగమంచు రోజుల్లో చల్లబడిపోయి ఉన్న క్యాబినెట్ మీదకి తేమ గాలి తగిలితే లోపల నీటి చెమ్మ పడుద్ది. వంట పొగ వచ్చే గదిలో అయితే హీట్‌సింక్ గాళ్లల్లో జిడ్డు పట్టి, దాని మీద దుమ్ము అంటుకుని దుప్పటి కప్పినట్టవుద్ది. ఈ రెంటికీ ఖరీదైన బోర్డు ఏమీ చేయలేదు. నెలకోసారి బ్రష్షు పట్టుకోవాల్సిందే.

ఇక కరెంటు. మన మత్స్యగెడ్డ నీళ్లే కిందకి పోయి మాచ్‌ఖండ్‌లో 1955 నుంచి కరెంటు అవుతున్నాయి, ఇంకా కిందకి పోయి సీలేరులో మళ్లీ అవుతున్నాయి. మన గదిలో మాత్రం మీటరు పెడితే సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా 165 వోల్టులు, అర్ధరాత్రి దాటితే 250. (దీని మీద వేరే పోస్టు రాయాలి, ఇక్కడ ఆపేస్తాను.) మంచి ఎస్‌ఎంపీఎస్ 100 నుంచి 240 దాకా తీసుకుంటాది. తక్కువ వోల్టేజీ వస్తే కరెంటు ఎక్కువ లాగి 12 వోల్టులని నిలబెడుద్ది. చవకది 200 దిగితేనే తూలిపోద్ది. 12 వోల్టులే సరిగ్గా రాకపోతే పన్నెండు ఫేజుల బోర్డు కూడా ఏమీ చేయలేదు. వరద వచ్చినా ఎండినా గెడ్డే కదా ముందు చూడాలి, మడి కాదు. కాబట్టి అన్న లిస్టులో "ఎలాగోలా సర్దేద్దాం" అన్న ఎస్‌ఎంపీఎస్ నా లిస్టులో మొదటి వరసలో ఉంటాది. యూపీఎస్ రెండోది. పైన ఒక స్టెబిలైజర్.

మీలో ఎంతమంది గమనించారో గానీ, మన గదిలో పాత మెషీన్ క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జిల్లుమంటుంది. సాకెట్‌లో మూడో రంధ్రం ఉంది, దాని వెనకాల ఎర్త్ తీగ లేదు. ఎస్‌ఎంపీఎస్ ఫిల్టరు నుంచి లీకయ్యే కొద్దిపాటి కరెంటుకి పోయే దారి లేక క్యాబినెట్‌కి వస్తుంది. ఏప్రిల్, మే పిడుగుల కాలంలో ఎర్త్ లేని గదిలో జెడ్ బోర్డు పెట్టడం ధైర్యం కాదు.

బయోస్ గురించి కూడా చెప్పాలి. ఇంటెల్ 13, 14 తరం పెద్ద చిప్‌లు కొన్ని ఆగి ఆగి క్రాష్ అవుతున్నాయని 2024లో పెద్ద గొడవైంది. చాలా బోర్డులు బయటి నుంచి ఎవరూ ఏమీ మార్చకుండానే పవర్ హద్దులు ఎత్తేసి వస్తున్నాయని బయటపడింది. చిప్‌కి వోల్టేజీ ఎక్కువ వెళ్తోందని ఇంటెల్ జులైలో ఒప్పుకుంది, ఆగస్టులో బయోస్ అప్‌డేట్ ద్వారా సరిచేసే కోడ్ ఇచ్చింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అంతకు ముందు ఏడాది, 2023లో, ఏఎండీ రైజెన్ 7000 ఎక్స్3డీ చిప్‌లు కొన్ని కాలిపోతే అక్కడా ఎక్కువ వోల్టేజీయే కారణమని తేలి 1.3 వోల్టుల హద్దు పెట్టారు. అంటే ఓవర్‌క్లాక్ చేయాలన్న ఆలోచన లేనివాళ్ల చిప్‌లు కూడా బోర్డు సెట్టింగుల వల్ల దెబ్బతిన్నాయి. కొనేముందు ఆ బోర్డు మోడల్‌కి చివరి బయోస్ ఎప్పుడు వచ్చిందో కంపెనీ సైటులో చూడండి. రెండేళ్లుగా ఏమీ రాకపోతే వదిలేయండి.

అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు శవమే. మనకి కరెంటు ఎలా పోద్దో తెలుసు. కాబట్టి ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డే తీసుకోవాలి. చచ్చిన బయోస్‌ని కూడా పెన్‌డ్రైవ్‌తో బతికించే బటన్ అది. వైజాగ్‌లో ఉన్నోడికి ఇది ఉన్నా లేకపోయినా ఒకటే, స్కూటర్ మీద షాపుకి పోతాడు. మనకి నూరు కిలోమీటర్ల పైన ఘాట్ దిగాలి, ఒక రోజు పోద్ది, బస్సు చార్జీలు పోతాయి, "రేపు రండి" అంటే ఇంకో రోజు.

సెకండ్ హ్యాండ్ గురించి అడిగినవాళ్లకి: "ఐ7 సెట్టు, కొత్త బోర్డు" అని తక్కువ రేటుకి అమ్మేవాటిల్లో చాలావరకు 2012 నాటి మూడో తరం చిప్‌లుంటాయి. ఐ7 అన్నది చదువు పేరు, ఏ సంవత్సరం పాసయ్యాడో అడగాలి.

నా లిస్టు ఇది. రైజెన్ 5 5600జి, గ్రాఫిక్స్ చిప్ లోపలే ఉంటాది కాబట్టి కార్డు అక్కర్లేదు. బి550 బోర్డు. వి.ఆర్.ఎం. రెండు వైపులా లోహపు హీట్‌సింక్, ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్నది. ఏ520 అయితే మూడు నాలుగు వేలు తగ్గుద్ది, కానీ ఆ సిరీస్‌లో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ అధికారికంగా లేదు, వి.ఆర్.ఎం. కూడా చాలా వాటిల్లో పల్చన. బి550లో తాళం లేదు. రేపు ఎవరికైనా ఓవర్‌క్లాక్ నేర్చుకోవాలని ఉంటే నేర్చుకోవచ్చు, నేర్చుకోవాలి కూడా. కంపెనీ ఇంటర్వ్యూలో మనోడు లోడ్‌లైన్ గురించి చెప్తే అవతలోడి మొహం చూడాలని నాకూ ఉంది. ర్యామ్ 8 జీబీ ఒక్కటి కాదు, 8వి రెండు. లోపలి గ్రాఫిక్స్ ర్యామ్ స్పీడు మీదే బతుకుద్ది. 3200 అని కొన్న ర్యామ్ పెట్టగానే చాలాసార్లు 2133 మీదో 2666 మీదో కూర్చుంటుంది, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తేనే 3200 ఇస్తుంది. మనం కచ్చితంగా చేసే "ఓవర్‌క్లాకింగ్" ఇదొక్కటే, దీనివల్ల కనపడే తేడా వస్తుంది.

షాపుల్లో అడిగిన రేట్ల ప్రకారం ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్ కలుపుకుని కూడా 42 వేలు దాటదు. బిల్లు అంచనా ఆదివారం కాగితం మీద చూపిస్తాను. మెషీన్ వచ్చాక రాత్రంతా మెమ్‌టెస్ట్, తర్వాత గంట ప్రైమ్95, గది చల్లగా ఉన్నప్పుడు చిప్ 65 దాటకుండా చూసుకుందాం. ఏప్రిల్ కోసం ఆ మిగులు ఉండాలి.

అన్నా, నువ్వు కూడా ఆదివారం రా. నా లెక్కల్లో ఎక్కడైనా తేడా ఉంటే అందరి ముందే చెప్పు, లిస్టు మార్చుకుందాం. ఈలోగా గది వెనకాల ఎర్త్ గుంత తవ్వడానికి ఇద్దరు కావాలి. బొగ్గు, ఉప్పు నేను తెస్తాను, గునపం ఎవరి దగ్గరైనా ఉంటే కింద చెప్పండి.